రెండు చుట్ల గండం

పోయిన వారం బుచ్చవ్వను మనం ఆమె ఇంటి అరుగు మీద, ఒక రాజ్యరహస్యాన్ని కొంగున ముడి వేసుకొని కూర్చుని ఉండగా విడిచి వచ్చాము. ఏడు రోజులుగా ఆమె అక్కడే కూర్చున్నదేమోనని బెంగపడిన సహృదయులకు మనవి: కథాకాలంలో గడిచింది రెండు దినాలే. ఈ రెండు దినాలలో ఆమె వండింది, వడ్డించింది, ఇద్దరు ముగ్గురితో పోట్లాడింది కూడా. కొంగు ముడి మాత్రం విప్పలేదు.

ఆ రహస్యానికి సంబంధించిన వంశవృక్షం చిన్నదే. కోరుట్లకు రెండు కోసుల దూరంలోని ఊరిలో తాటిచెట్లెక్కి కల్లు గీసే లచ్చయ్యకు బుచ్చవ్వ ధర్మపత్ని. వారికి సంతానం ఇద్దరు. కొడుకు మహిపాల్ మూడేండ్లుగా మస్కట్‌లో ఉన్నాడు. అతడు పనిచేసే కంపెనీ ఒకనాటి ఉదయం ఎవరికీ చెప్పకుండా అదృశ్యమై, తాళంకప్పను మాత్రం తన ప్రతినిధిగా గేటుకు వదిలిపోయింది కనుక, శుక్రవారం విమానానికి అతడు ఇంటికి బయలుదేరవలసి ఉన్నది. కూతురు లత తొలి కానుపుకు తల్లిగారింటికి వచ్చింది. అల్లుడు కరుణాకర్ సిరిసిల్లలో సాంచెలు నడుపుతాడు. ఆ మరమగ్గాలకు ఆర్డర్లు దయచేసిన దినాలలో, అని చేర్చుకోవాలి.

జగిత్యాలలో తీసిన స్కానింగులో ఒక సంగతి తేలింది. లత కడుపులోని శిశువు, ఆడో మగో చెప్పడానికి చట్టం ఒప్పుకోని ఆ మహావ్యక్తి, తన బొడ్డుపేగును తానే మెడకు రెండు చుట్లు చుట్టుకొని, దండ వేయించుకున్న నాయకుని నిబ్బరంతో తలకిందులుగా వేంచేసి ఉన్నది.

డాక్టరమ్మ ఓపికగా వివరించింది. లోపలున్న బిడ్డ గొంతుతో గాలి పీల్చదు. తిండి, గాలి, సమస్తమూ ఆ పేగులో పారే నెత్తురుతోనే అందుతాయి. కనుక మెడ బిగుస్తుందన్న భయం కన్న పేగు నలుగుతుందేమోనన్న జాగ్రత్త ముఖ్యం. ఇట్లాంటి చుట్లు చాలామందికి ఉంటాయి, వారిలో ఎక్కువమంది దవాఖాన అదిరేటట్టు ఏడ్చి మరీ పుడతారు. దినదినం బిడ్డ కదలికలు లెక్కపెట్టాలి, శనివారం మళ్లీ చూపించుకోవాలి, కదలికలు తగ్గితే వారం వర్జ్యం చూడకుండా పరుగెత్తి రావాలి.

ఇంతటి ఉపన్యాసంలో బుచ్చవ్వ చెవికి ఎక్కింది మూడు మాటలు: పేగు, మెడ, రెండు. మిగిలిన శాస్త్రం ఆమెకు ముందే వచ్చు. పేగు మెడలో వేసుకొని పుట్టిన బిడ్డ మేనమామకు గండం. ఆ ప్రాంతపు రాజ్యాంగంలో సవరణకు లొంగని అధికరణం అది. పుట్టబోయే బిడ్డకు మేనమామ మహిపాల్. దీనికి బుచ్చవ్వ స్వయంగా రచించిన ఉపనిబంధన ఒకటున్నది. గండం నేల మీద నడిచేదే తప్ప సముద్రం దాటేది కాదు. దానికి పాస్‌పోర్టు లేదు, వీసా తెచ్చిపెట్టే ఏజెంటు లేడు. కాబట్టి కొడుకు నీళ్లకు అవతల ఉన్నంతకాలం క్షేమం.

గురువారం ఆమె ఫోను అందుకొని, "కొడుకా, ఇప్పుడే రాకు. ఇంకో నెల ఆగి రా" అన్నది. కారణం చెప్పలేదు. గండం సంగతి దాని హక్కుదారుకు చెప్పడమంటే దానిని చేతికి అందించడమే. అవతల నుండి "సరే అవ్వా" అని వినిపించింది. అప్పటినుండి ఆ ఫోను పలకలేదు.

ఇక శనివారం ఉదయం.

బుచ్చవ్వ అరుగు మీద బియ్యం ఏరుతున్నది. ఎదురుగా కోడలు రేణుక ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చేస్తున్నది. ఆ చాటలో ఈ వారం నుండి ఒక కొత్త విధానం అమలులో ఉన్నది. లోపలి బిడ్డ తన్నినప్పుడల్లా లత ఒక బీడీని పక్కకు తీసి పెడుతుంది. పది బీడీలయితే ఆ పూటకు బిడ్డ హాజరు పడినట్టు. తునికాకు జన్మకు ఇంతటి పుణ్యకార్యం మునుపెన్నడూ దక్కలేదు. కొంచెం దూరంలో లచ్చయ్య మోకును, అంటే చెట్టుకూ తన నడుముకూ కలిపి వేసుకొని ఎక్కే లావుపాటి తాడును, ముందర పరచుకొని వేళ్లతో తడుముతున్నాడు. గడప పక్కన ఐలమ్మ చాయ తాగుతున్నది. ఈ ఐలమ్మ ఊరిలో సగం మందిని భూమి మీదికి దింపిన మంత్రసాని. మిగిలిన సగం తన చేతికి చిక్కకుండా దవాఖానలో పుట్టినందున వారిని ఆమె నేటికీ పూర్తి మనుషులుగా గుర్తించదు. గండాల వ్యవహారంలో ఆమెది ఆఖరి తీర్పు.

రేణుక చేతులు ఆపకుండానే అడిగింది.

"అత్తా, మొన్న నీ కొడుకుతోని ఫోన్ల ఏం మాట్లాడినవ్?"

"ఏం మాట్లాడుత. తిన్నవా అన్న. ఎండలెట్లున్నయ్ అన్న."

"గంతేనా?"

"గంతే."

"రాకు అన్నవట గద."

బియ్యంలో లేని రాయి ఒకటి బుచ్చవ్వకు హఠాత్తుగా దొరికింది. దానిని ఆమె చాలా శ్రద్ధగా పరీక్షించింది.

"ఎవలు జెప్పిండ్రు?"

"రూముల ఆయనతోని ఉండే చందుర్తి హన్మంతన్న పొద్దుగాల ఫోన్ జేసిండు. మొన్నటిసంది ఆయన ఎవ్వలితోని మాట్లాడుతలేడట. 'ఖాళీ చేతులతోని అస్తున్న గద, మా అవ్వకు నామోషి అయితున్నది' అన్నడట. నిన్న బ్యాగు పట్టుకొని ఎల్లిపోయిండట. ఇంటికి పోతున్నవా అంటె జవాబు ఇయ్యలేదట."

రేణుక గొంతు నిలకడగానే ఉన్నది. చేతిలోని బీడీ మాత్రం దారం బిగిసి రెండు ముక్కలయింది.

"పెండ్లయి నాలుగేండ్లు అత్తా. మూడేండ్లు ఆయన ఫోన్లనే ఉన్నడు. కంపెనీ ఆయనను వద్దన్నది. గా దేశం వద్దన్నది. ఇగ నువ్వు గూడ వద్దంటివి."

బుచ్చవ్వ తన యుద్ధవ్యూహాన్ని నాలుగు వైపుల నుండీ పరీక్షించి, ఎక్కడా సందు లేదని తృప్తిపడి ఉన్నది. 'రాకు' అన్న రెండక్షరాలకు కొడుకు చెవిలో ఇట్లాంటి అర్థం పుడుతుందన్న ఊహ మాత్రం ఆ నాలుగు వైపులలో ఎక్కడా లేదు.

"నామోషి నాకెందుకే? వాడు గోచి మీద అచ్చినా నా కొడుకే. గండమున్నదని రావద్దన్న."

కొంగు ముడి విడిపోయింది.

"ఎవలికి గండం?" అని లోపలి నుండి వినిపించింది. నడుముకు చేయి ఆనించుకొని లత గడపలో నిలబడి ఉన్నది.

ఇక దాచేదేముంది. బుచ్చవ్వ పేగు, మెడ, మామ, సముద్రం, అన్నీ వరుసగా చెప్పింది. లత చివరిదాకా విన్నది.

"అంటె అవ్వా, నా కడుపులది ఇంక కన్ను దెరవలే. అప్పుడే మా అన్నను మింగుతదంటవ్."

"నేనట్లన్ననా బిడ్డా."

"గట్లనే అన్నవ్. మెడల పేగున్నది నా బిడ్డకు. మామకు గాదు. మరి గా బిడ్డకేమన్న అయితదేమో అని నువ్వొక్కపారన్న అడిగినవా?"

ఈ రెండు దినాలలో బుచ్చవ్వ కొండగట్టు అంజన్నకు మూడు మొక్కులు మొక్కి ఉన్నది. మూడింటిలోనూ పేరు ఒక్కటే. పుట్టబోయేదాని ఊసు ఒక్క మొక్కులోనైనా లేదని ఆమెకు అప్పుడు తట్టింది. చేతిలోని రాయిని ఎక్కడ పారవేయాలో తెలియక మళ్లీ బియ్యంలోనే వేసింది.

అప్పుడు లచ్చయ్య గొంతు సవరించాడు. సాధారణంగా నలభై అడుగుల ఎత్తు నుండి లోకంతో సంభాషించే మనిషి కనుక నేల మీద ఆయనకు మాటలు తక్కువ.

"ఏమే, గీ మోకు జూడు. నలభై ఏండ్లసంది నా నడుముకున్నది. కిందికెళ్లి జూసినోళ్లు, లచ్చయ్యను తాడు గట్టేసింది అనుకుంటరు. గిది లేకుంటె నేనెప్పుడో బొందల ఉందును. బిడ్డకు పేగు గట్లనే. పట్టుకునేది గదే, బువ్వ వెట్టేది గదే."

"మరి మెడకు చుట్టుకున్నది గద."

"చుట్టుకుంటది. చుట్టుకున్నదని మోకును తిడ్తమా? ఎక్కేముందు రోజు జూసుకుంటం. పురి ఇడిసిందా, ఏడన్న నలిగిందా అని. జూసుకోకుండ ఎక్కినోడే పడ్డడు. డాక్టరమ్మ జూసుకోండ్రి అన్నది. భయపడుండ్రి అనలే."

అద్వైతానికి భాష్యం రాసిన పెద్దలు కూడా ఇంతకన్న తేటగా చెప్పలేరు. కాని ప్రతివాది బుచ్చవ్వ.

"నీ మోకుకు మేనమామ లేడాయె" అన్నది.

లచ్చయ్య మళ్లీ మోకు పురులు తడమసాగాడు. లత మాత్రం తండ్రి వైపు కాని, తల్లి వైపు కాని చూడలేదు. మెల్లగా వచ్చి ఐలమ్మ ఎదుట పీట వేసుకొని కూర్చున్నది.

"అమ్మమ్మా, నువ్వెంతమందిని దీసినవ్?"

"లెక్కవెట్టనస్తదా బిడ్డా. మూడు నాలుగు వందలుంటరు."

"అండ్ల మెడల పేగున్నోళ్లు?"

"ఉంటరు. నల్గురైదుగురిల ఒక్కలు."

"వాళ్ల మేనమామలు ఎందరు సచ్చిండ్రు?"

ఐలమ్మ గ్లాసులోకి చూసింది. చాయ అయిపోయి చాలాసేపయింది. అయినా అడుగున ఏదో కనబడుతున్నట్టు చూస్తూనే ఉన్నది.

"జెప్పవేంది?" అన్నది రేణుక.

"ఒక్కడు సచ్చిండు. కిష్టవ్వ తమ్ముడు."

"ఎప్పుడు?"

"అల్లుడి పెండ్లిల. తాగి మోరీల పడి."

"అల్లుడికి అప్పటికెన్నేండ్లు?"

"ఇరవై ఆరు."

గండం ఇరవై ఆరేండ్లు ఓపిక పట్టి, ఆ మురుగుకాలువ దాకా నడిచి రావడం ఎంత కష్టసాధ్యమో సభలో అందరూ మనసులోనే లెక్కించుకుంటుండగా ఐలమ్మ గ్లాసును కింద పెట్టింది.

"ఇగ నా నోరు దెరిపిస్తున్నరు గని, బుచ్చవ్వా, నువ్వు తిట్టద్దు. నీ మహిపాల్ గూడ గట్లనే పుట్టిండు."

"ఎట్ల?"

"పేగు మెడలేసుకొని. రెండు గాదు, మూడు చుట్లు. దండ దీసినట్టు తల మీదికెళ్లి దీసిన. దీసి, కోసి, కడిగి, నీ పక్కల పండవెట్టిన."

బుచ్చవ్వ వేళ్ల మీద ఏండ్లు లెక్కపెట్టింది.

"ముప్పై ఒక్క ఏడాయె. నాకెందుకు జెప్పలే?"

"ఎట్ల జెప్త? గడప బయట మీ అన్న రాజమల్లు నిలవడ్డడు. అల్లుడు పుట్టిండా, కోడలు పుట్టిందా అని ఒక్కటే అడుగుడు. చేతుల నాకు వెట్టే చీరె. ఎర్రంచు చీరె బుచ్చవ్వా, కోరుట్లల కొన్నడు. గండం అన్నననుకో, చీరెతోని సహా ఉరుకుతడు గద."

ఇక్కడ రాజమల్లును గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. ముప్పై ఒక్క ఏండ్ల కిందటనే శాస్త్రోక్తంగా పరమపదించి ఉండవలసిన ఆ మేనమామ, ఆ సంగతి తనకెవరూ తెలియజేయనందున, కోనరావుపేటలో నేటికీ విరాజిల్లుతున్నాడు. రెండు పెండ్లిళ్లు చేసుకున్నాడు. రెండుసార్లు వార్డు మెంబరుగా నిలబడి రెండుసార్లూ ఓడిపోయాడు. ఆ ఓటములు కూడా ఆయనను ఏమీ చేయలేకపోయాయి. ఒక చెట్టు మీద పిడుగు పడిన నాడు ఈయన దాని పొరుగుచెట్టు కింద నిద్రపోతున్నాడు. అరవై రెండేండ్ల వయసులో, మొన్నటి బోనాలనాడు మేక తలకాయ కూరను ఎవరి సహాయమూ లేకుండా ముగించి, కాళ్ల కూర ఏదని అడిగాడు.

బుచ్చవ్వ ఇవన్నీ తలచుకున్నది. అయినా ఆఖరి కోటను అంత సులభంగా అప్పగించే మనిషి కాదు.

"గా యేడు మా అన్న బర్రె సచ్చింది" అన్నది, బలహీనంగా.

"బర్రె మేనమామ వరుసయితదా అత్తా?" అని అడిగింది రేణుక.

ముందుగా నవ్వింది లత. కడుపు పట్టుకొని, వద్దు వద్దని చేయి ఊపుతూ నవ్వింది. తరువాత లచ్చయ్య, మోకు మీదికి వంగిపోయి. తన నేరానికి ఇంత తేలికగా శిక్ష తప్పిందన్న సంతోషంతో ఐలమ్మ. కళ్లు తుడుచుకుంటూనే రేణుక. అందరికన్న ఆలస్యంగా మొదలుపెట్టి, అందరికన్న ఎక్కువసేపు నవ్వింది బుచ్చవ్వ. ముప్పై ఒక్క ఏండ్ల నవ్వు కదా, ఒక్క విడతలో తెగలేదు.

నవ్వుతూనే ఫోను తీసింది. కొడుకుకు చెప్పాలి. రా అని చెప్పాలి. ఉత్త చేతులతో కాదు, అవసరమైతే చేతులే లేకుండా రమ్మని చెప్పాలి. ఫోను స్విచాఫ్. మళ్లీ చేసింది. స్విచాఫ్.

"నేను నిన్న పొద్దుగాలనే మెసేజ్ వెట్టిన" అన్నది లత. "దిగినంక ఇంటికి పోకన్నా, శనివారం మేం జగిత్యాల దవాఖానల ఉంటం, ఆడికే రా అని. ఒక్క టిక్కే ఉన్నది. జూసిండో లేదో."

రేణుక చూపు చాట మీదికి పోయింది.

"లతా, పొద్దటిసంది ఎన్ని?"

"నాలుగు."

"తినకముందా?"

"తిన్నంకనే. రెండు గంటలాయె వదినె."

నాలుగు బీడీలు. చాట అంచున వరుసగా పడుకొని ఉన్నాయి. అందరికన్న ముందు లేచింది బుచ్చవ్వ. "ఆటోను విల్వుండ్రి" అన్నది. బియ్యం అరుగు మీదనే ఉండిపోయాయి. ఆ దినం ఆ ఇంటి కోళ్లు రాజభోగం అనుభవించాయని తరువాత తెలిసింది.

కోరుట్ల దాటిన తరువాత ఆటోలో బుచ్చవ్వ తన అరచేతిని కూతురి కడుపు మీద పెట్టింది. తొమ్మిది నెలలలో ఆ లోపలి వ్యక్తితో ఆమె నేరుగా మాట్లాడడం అదే మొదలు.

"మీ మామ సంగతి నేను జూసుకుంట. వాడు మూడు చుట్లు ఇప్పుకొని అచ్చినోడే. నువ్వు జర కదులు నా తల్లీ. తండ్రివయితె తండ్రివి. జర కదులు."

ఊరి పొలిమేరలు రెండు మూడు వెనక్కి పోయాయి. అరచేతి కింద ఏదో మెదిలింది.

"ఐదు" అన్నది బుచ్చవ్వ. పంట ధాన్యం కొలిచేవాళ్లు 'లాభం' అని మొదలుపెట్టేటప్పటి గొంతు అది.

జగిత్యాలలో డాక్టరమ్మ వరుసలో కూర్చోనివ్వకుండా లతను వెంటనే లోపలికి పిలిచింది. గదిలో దడదడమని చప్పుడు నిండింది. లత కండ్లు మూసుకొని, "సాంచె నడిచినట్టే ఉన్నది" అన్నది. సిరిసిల్లలో ఆ చప్పుడు ఆగిన దినాలు ఎట్లా ఉంటాయో తెలిసిన పిల్ల కనుక ఆమెకు అంతకన్న తియ్యని పోలిక దొరకలేదు.

"గుండె మంచిగనే ఉన్నది" అన్నది డాక్టరమ్మ, తెర మీది ఎరుపు నీలం రంగులను చూస్తూ. "రెండు చుట్లలో ఒకటి దానంతట అదే విడిపోయింది. ఇప్పుడు ఒక్కటే ఉన్నది."

బుచ్చవ్వ కొండగట్టు ఉన్న దిక్కుకు తిరిగి దండం పెట్టింది. అరవాటా గండం అక్కడికక్కడే రద్దయింది. ఇంకొక వాటాను రాజమల్లు ఎప్పుడో కొట్టివేసి ఉన్నాడు.

తరువాత లత కడుపుకు ఒక పట్టీ కట్టి, అరగంట సేపు బిడ్డ గుండె వేగాన్ని కాగితం మీద గీతగా గీయించారు. డాక్టరమ్మ ఆ కాగితాన్ని చూసి, మళ్లీ చూసి, కుర్చీని దగ్గరకు జరుపుకున్నది.

"భయపడేది లేదు, గాని ఆగేది కూడ లేదు. కడుపు గట్టిపడ్డప్పుడల్లా గుండె వేగం తగ్గి మళ్లీ లేస్తున్నది. అంటే పేగు నలుగుతున్నది. నెలలు నిండినయి, బిడ్డ బరువు బాగున్నది. ఆపరేషన్ చేసి ఇప్పుడే బయటికి తీద్దాం. లెక్కపెట్టుకొని మంచిగ వచ్చిండ్రు. రేపు వద్దామనుకుంటే నేను ఈ మాట చెప్పకపోదును." ఆమె తలెత్తింది. "భర్త ఏడి?"

"సిరిసిల్లల బయలెల్లిండు మేడం" అన్నది రేణుక. "రెండు గంటలు వడ్తది."

"అంతసేపు వద్దు. లత సంతకం చేసింది. దగ్గరివాళ్లు ఇంకొకరు చెయ్యాలి."

లచ్చయ్య కింద మందుల దుకాణంలో ఉన్నాడు. నర్సు కాగితమూ, కలమూ, సిరా డబ్బా బల్ల మీద పెట్టింది. లతను చక్రాల బండి మీద పైఅంతస్తుకు తీసుకుపోతున్నారు. పోతూ పోతూ ఆమె తల్లి వైపు చూసి నవ్వింది. ఆ నవ్వుకు సమాధానంగా బుచ్చవ్వ ముందుకు నడిచి, బొటనవేలిని సిరాలో అద్దింది.

"నువ్వాగు అవ్వా. సంతకం నేను వెడ్త."

తలుపులో ఒక మనిషి. గడ్డం పెరిగింది, చెంపలు లోపలికి పోయాయి, భుజాన ఒకే ఒక సంచి. రేణుక గోడకు ఆనుకున్నది. మూడేండ్లుగా అరచేతి వెడల్పున ఉన్న మొగుడు ఒక్కసారిగా తలుపంత అయినాడు.

"మీరెవరు?" అని అడిగింది డాక్టరమ్మ.

"మేనమామను" అన్నాడు మహిపాల్. "విమానం దిగి, తొవ్వల ఫోన్ దెరిచి జూసిన. చెల్లె ఈడికే రమ్మన్నది. మా అవ్వ రావద్దన్నది గని, చెల్లె రమ్మన్నది."

పైనుండి మరో నర్సు తొందరపెట్టింది. మహిపాల్ తల్లి ముఖంలోకి చూడకుండానే బల్ల దగ్గరకు నడిచి, కలం అందుకొని, కాగితం మీదికి వంగాడు. మొన ఆనకముందే బుచ్చవ్వ అతని మణికట్టు పట్టుకున్నది. కాగితానికి పడవలసిన వేలిముద్ర, సిరా తడితో, కొడుకు చేతి మీద పడింది.

"ఆగు" అన్నది. ఎందుకు ఆపిందో వచ్చే వారం.